వెనక సీటుకి నోరు లేదు

వెనక సీటుకి నోరు లేదు. ఆ కారులో రూళ్ళు చాలా ఉన్నాయి గాని, ఈ ఒక్కటి మాత్రం అమ్మడి కోసమే పుట్టింది.

ఎలా పుట్టిందో చెప్పకపోతే కథ ముందుకు సాగదు. అమ్మడికి తొమ్మిదేళ్ళప్పుడు బట్టలకొట్టాయన ఒకడు వాళ్ళ నాన్న దగ్గర డ్రైవింగ్ నేర్చుకుంటూ, సైకిళ్ళకి కూడా దారిచ్చుకుంటూ వెళుతున్నాడు. ఉన్నట్టుండి అమ్మడు వెనకనుంచి "కుక్కపిల్ల!" అని కేక పెట్టింది. కుక్కపిల్ల రోడ్డు మీద లేదు, అవతల ఎవరి చంకలోనో హాయిగా ఉంది. బట్టలకొట్టాయన మాత్రం, నాన్న కాలు బ్రేకు మీదకి పోయేలోపే, కారుని పేవ్‌మెంట్ ఎక్కించి చెత్తకుండీని గుద్దేశాడు. ఆ తర్వాత ఆయన స్టీరింగ్ జోలికి పోలేదని చెప్పుకుంటారు.

నాన్న కోప్పడలేదు. కోప్పడటం ఆయనకి రాదు. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ, "చూడమ్మడూ, ముందు సీట్లో రెండు నోళ్ళున్నాయి, అవి చాలు. వెనక సీటుకి నోరు లేదు," అన్నాడు. అంతే. ఎనిమిదేళ్ళు గడిచినా ఆ మాట మారలేదు.

అసలు వెనక సీట్లో ఆ పిల్లకేం పని అంటారా? వాళ్ళమ్మ బస్‌స్టేషన్‌లో విచారణ కిటికీ వెనక పనిచేస్తుంది. రోజంతా ఏ బస్సు ఏ ప్లాట్‌ఫామో చెప్పి చెప్పి, ఇంటికొచ్చాక కూర ఏం వండమంటావని అడిగినా "ఐదు" అంటుంది. ఆవిడ వచ్చేసరికి ఏడవుతుంది. అందుకని స్కూలు వదిలాక అమ్మడు నాన్న కారెక్కేది. ఎక్కాలు ఆ సీట్లోనే నేర్చుకుంది, పాలపళ్ళు రెండు ఆ సీట్లోనే ఊడాయి. ఇప్పుడు పదిహేడేళ్ళొచ్చాయి, ఇంట్లో ఒక్కతీ ఉండగలదు. కానీ ఆడవాళ్ళు నేర్చుకోవడానికి వచ్చినప్పుడు కారులో మరో ఆడపిల్ల ఉంటే వాళ్ళకి ధైర్యంగా ఉంటుందని నాన్న అంటాడు. అందుకని నాలుగు నుంచి ఆరు దాకా అమ్మడు తోడు. వెనక సీటు మధ్యలో, ఒళ్ళో పుస్తకంతో, నోరు లేకుండా.

నోరు లేని మనిషికి చెవులు బాగా పనిచేస్తాయి. కొత్తవాళ్ళు ఆ కారులో ఎన్నెన్ని చెబుతారో చెప్పలేం. ఒకాయన తన అన్నతో ఆస్తి తగువు గురించి మూడో గేరులో చెప్పి, రెండో గేరులో ఏడ్చాడు. ఒకావిడ తన పెళ్ళి తనకి ఇష్టంలేదని సిగ్నల్ దగ్గర చెప్పింది, పచ్చలైటు పడగానే మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఒకరి మొహం ఒకరు చూడనక్కర్లేదు, చూపు రోడ్డు మీద ఉంటే చాలు. ఇరవై పాఠాలయ్యాక ఎవరి దారిన వాళ్ళు పోతారు. వీళ్ళందరి కడుపులో మాట తనకి తెలుసు, వీళ్ళలో ఒక్కరికీ తనెవరో తెలియదు అనుకునేది అమ్మడు. ఆ అనుకోవడంలో కాస్త గర్వం కూడా ఉండేది. ఆ గర్వం ఒక సోమవారం నాలుగింటికి పోయింది.

ఆ రోజు ముందు సీటు తలుపు తీసి కూర్చున్నది తూనీగ.

తూనీగ అసలు పేరు వేరే ఉంది. చిన్నప్పుడు సన్నగా, పొడుగ్గా, ఒక్కచోట నిమిషం నిలవకుండా ఉండేదని అమ్మడు పెట్టిన పేరది. ఐదో ఏట నుంచి పదిహేనో ఏట దాకా వీళ్ళిద్దరూ రెండు ఇళ్ళల్లో ఉండే ఒక్క పిల్ల అని వీధిలో వాళ్ళు ఎగతాళి చేసేవారు. ఒకరి గౌను ఒకరు వేసుకునేవారు. ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరు బడి మానేసేవారు. తూనీగ అమ్మడి నాన్నని "బాబాయ్" అని పిలిచేది, ఆయన భుజాలెక్కి మేడ మీద ఇరుక్కున్న బంతులు తీసేది. ఇప్పుడు బెల్టు పెట్టుకుంటూ, "నమస్కారం సార్," అంది.

నాన్న తన బెల్టు కూడా పెట్టుకున్నాడు. "నమస్కారమమ్మా. సీటు ముందుకి జరుపుకో, కాళ్ళు అందాలి," అన్నాడు. వెనక అమ్మడు పుస్తకం తలకిందులుగా తెరిచింది.

ఈ రెండేళ్ళ మౌనానికి కారణం అమ్మడి నోరే. పదో క్లాసు మధ్యలో తూనీగ వాళ్ళ నాన్న ఉద్యోగం పోయింది. ఆయన ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకుని, టిఫిన్ డబ్బా పట్టుకుని బయల్దేరి, పార్కులో బెంచీ మీద సాయంత్రం దాకా కూర్చుని తిరిగొచ్చేవాడు. అలా మూడు నెలలు. ఒకరోజు తూనీగ చూసింది. చూసి, అమ్మడి చెయ్యి తన నెత్తిమీద పెట్టుకుని, ఎవరికీ చెప్పనని ఒట్టేయించుకుని మరీ చెప్పింది. ఆ మాటని అమ్మడు పదకొండు రోజులు దాచింది. పన్నెండో రోజు స్కూలు కుళాయి దగ్గర నోరు జారింది. నోరు జారడమంటే ఎవరో గుచ్చి గుచ్చి అడిగితే తట్టుకోలేక చెప్పడం కూడా కాదు. ఎప్పుడూ తనని పట్టించుకోని ఇద్దరమ్మాయిలు ఆ రోజు తన వైపు తిరిగి వింటున్నారు, వాళ్ళు అలాగే వింటూ ఉండాలని చెప్పేసింది. సాయంత్రానికల్లా వీధంతా తెలిసింది. మర్నాడు క్లాసులో తూనీగ బెంచీ మారిపోయింది. తర్వాత సెక్షన్ మారింది, ఆ తర్వాత వాళ్ళు ఇల్లు కూడా మారారు.

క్షమించమని అమ్మడు రాసిన ఉత్తరాలు తొమ్మిది. ఒక్కటీ ఇవ్వలేదు. పొద్దున లేవగానే పళ్ళు తోముకుంటూ ఆ కుళాయి గుర్తొచ్చేది. మళ్ళీ ఎవరితోనూ అంత దగ్గరవలేదు. ఎవరైనా రహస్యం చెప్పబోతే వద్దని లేచి వెళ్ళిపోయేది.

ఇప్పుడా పిల్ల రెండడుగుల దూరంలో కూర్చుని, స్టీరింగ్ మీద చెమట చేతులు పెట్టుకుని ఉంది. స్కూలు చదువయిపోయింది, పద్దెనిమిది నిండాయి, వచ్చేనెల వేరే ఊళ్ళో అక్క దగ్గర ఉండి చదువుకోవడానికి వెళుతోంది. అక్క ఇల్లు కాలేజీకి దూరమట, అక్క తన పాతకారు ఇస్తానందట. ఈ వివరాలన్నీ నాన్న అడిగితే చెప్పింది, వెనక్కి మాత్రం తిరగలేదు. ఇరవై పాఠాలు, వారానికి ఐదు. అవి అయిపోయేలోపు తూనీగ తనతో మాట్లాడాలి. తిట్టినా సరే. అమ్మడికి ఆ నెలలో మరో కోరిక లేదు.

మొదటి వారం తూనీగ బానెట్ తప్ప ఏదీ చూడలేదు. నాన్న మామూలుగా తన వరస చదువుతున్నాడు: క్లచ్, గేర్, మెల్లిగా, అద్దం, క్లచ్. అమ్మడికి ఆ వరస ఫ్యాను చప్పుడు లాంటిది, ఎప్పుడో వినడం మానేసింది. కారులో రెండు జతల పెడల్స్ ఉంటాయి, ఒకటి నేర్చుకునేవాళ్ళ కాళ్ళకింద, ఒకటి నాన్న కాళ్ళకింద. మొదట్లో కారు నడిపేది నిజానికి నాన్నే. నేర్చుకునేవాళ్ళు తామే నడుపుతున్నామనుకుని మురిసిపోతారు. తూనీగ మురిసిపోలేదు. "సార్, క్లచ్ మీరు తొక్కుతున్నారు కదా? తీసెయ్యండి," అంది మూడోరోజే. కారు గుర్రంలా ఎగిరి ఆగిపోయింది. వెనక అమ్మడు పుస్తకంతో నోరు మూసుకుని నవ్వింది. అదే తూనీగ, ఏం మారలేదు అనుకుని ఆ రాత్రి అన్నం రెండుసార్లు వడ్డించుకుంది.

రెండో వారం మొదటిరోజు, వంతెన దాటాక, పై అద్దంలో తూనీగ కళ్ళు కనబడ్డాయి.

కళ్ళూ, కనుబొమ్మలూ, నుదుటిమీద కాస్త జుట్టు. అంతే పట్టింది ఆ అద్దంలో. అవి సూటిగా అమ్మడి వైపే చూశాయి. అమ్మడు పుస్తకంలోకి తలదించుకుని, మళ్ళీ ఎత్తేసరికి కళ్ళు వెళ్ళిపోయాయి. కాసేపటికి మళ్ళీ వచ్చాయి. వెళ్ళాయి. వచ్చాయి. ఆ గంటలో ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. దిగేటప్పుడు మాత్రం, "వస్తాను సార్," అని వెళ్ళిపోయింది.

పాపం, అభిమానం కొద్దీ నోరు తెరవలేకపోతోంది, కళ్ళు ఆగడంలేదు అని తీర్మానించుకుంది అమ్మడు. పదిహేడేళ్ళ పిల్ల తీర్మానానికి ఎదురు చెప్పేవాళ్ళెవరు? మర్నాడు తలస్నానం చేసింది. అమ్మ దాచుకున్న నీలంరంగు చున్నీ వేసుకుంది. సీటు మధ్యలో, అద్దానికి సరిగ్గా ఎదురుగా, నిటారుగా కూర్చుంది. కళ్ళు వచ్చినప్పుడల్లా తను కూడా చూసేది. మొదట భయంగా, తర్వాత కాస్త నవ్వుతో. ఎనిమిదో పాఠంనాడు స్పీడ్ బ్రేకర్ దాటాక తూనీగ కళ్ళు నవ్వాయి. కారు ఆగిపోకుండా దాటిందన్న సంతోషం అయుండొచ్చు కదా అన్న ఆలోచన అమ్మడి దరిదాపుల్లోకి కూడా రాలేదు. తొమ్మిది ఉత్తరాల్లో బాగున్న వాక్యాలన్నీ ఏరి, చూపుల్లో పెట్టి పంపడం మొదలుపెట్టింది. నన్ను క్షమించావు కదూ? నిజంగానే? మళ్ళీ మా ఇంటికొస్తావా? జవాబుగా కళ్ళు వచ్చేవి. అన్నిటికీ ఒకటే జవాబు అయినా అమ్మడికి చాలేది.

ఐదింటికి తూనీగ దిగితే నర్సమ్మ ఎక్కేది. పెద్దాసుపత్రిలో ముప్పై ఏళ్ళుగా నర్సు. యాభై దాటిన మనిషి, ఎదుటివాళ్ళు ఎవరైనా సరే సూది పొడిపించుకోవడానికి వచ్చినట్టు మాట్లాడుతుంది. మొదటిరోజు అమ్మడు "ఆంటీ" అంటే, "ఇంకోసారి అన్నావంటే కారు దిగిపోతా. అక్కా అను," అంది. భర్తకి చూపు మందగిస్తే తను నేర్చుకోవడానికొచ్చింది. "ఇన్నేళ్ళూ పక్కసీట్లో కూర్చుని ఆయన డ్రైవింగ్‌కి వంకలు పెట్టాను. ఇప్పుడు ఆయన వంతు. పెట్టనీ," అనేది.

వెనక సీటుకి నోరు లేదన్న రూలు ఆవిడకి నచ్చలేదు. "కారు కదిలేటప్పుడు వద్దులెండి మాస్టారూ. ఆపినప్పుడు మాట్లాడితే ఏమవుతుంది? ఆ పిల్లకి నోరు బూజు పట్టిపోతుంది," అంది. నాన్న నవ్వి ఊరుకున్నాడు. అప్పట్నుంచి ఆయన టైర్లు చూసుకోవడానికో, ఫోన్ మాట్లాడటానికో దిగినప్పుడల్లా నర్సమ్మ వెనక్కి తిరిగేది.

"ఎవరికోసమే ఈ నీలం చున్నీ? రోజూ అదేనా?"

అమ్మడు మొదట చున్నీ అంచు సర్దుకుంది. తర్వాత అమ్మకి చెప్పనిది, నాన్నకి చెప్పనిది, తొమ్మిది కాయితాల మీద కూడా సరిగ్గా రాయలేనిది ఆవిడకి చెప్పేసింది. కుళాయి, బెంచీ, అద్దంలో కళ్ళు, అన్నీ.

నర్సమ్మ అంతా విని, "మా వార్డులో పడుకున్నవాళ్ళు రోజంతా నన్నే చూస్తుంటారు. ప్రేమనుకున్నావా? సెలైన్ అయిపోయిందేమోనని చూపు," అంది. "అడగాలనుకుంటే నోటితో అడుగు. నోటితోనే పోగొట్టుకున్నావు కదా."

ఆ మాటకి అమ్మడికి ఒళ్ళు మండింది. ఈవిడకేం తెలుసు, నిన్నగాక మొన్న వచ్చిన మనిషి అనుకుని రెండు రోజులు ముభావంగా ఉంది. నర్సమ్మ పట్టించుకోలేదు. గేరు పడనప్పుడల్లా గేరుని తిట్టింది, పడినప్పుడల్లా వెనక్కి చూసి కన్నుకొట్టింది.

పదిహేనో పాఠంనాడు కారు డిక్కీ తాళం ఇరుక్కుపోయింది. రివర్స్ నేర్పడానికి పెట్టే ప్లాస్టిక్ కోన్లు, నారింజరంగువి, అందులో పెట్టే వీల్లేక నాన్న వాటిని వెనక సీటు మధ్యలో పెట్టి బెల్టు కట్టాడు. "ఇవాళ్టికి ఆ పక్కకి జరుగమ్మడూ," అన్నాడు. అమ్మడు వెళ్ళి తూనీగ సీటు వెనక కూర్చుంది. అక్కణ్ణుంచి అద్దంలో తూనీగ కళ్ళు కనబడవు. కనబడేది తూనీగ చెంప, చెవి. ముందు రెండు సీట్ల సందులోంచి నాన్న మోకాలు, దానిమీద నాన్న చెయ్యి.

వంతెన దాటాక నాన్న చూపుడువేలు మోకాలు మీంచి అంగుళమెత్తు లేచింది. తూనీగ గడ్డం పైకి లేచింది.

వేలు దిగింది. గడ్డం దిగింది.

అమ్మడికి తెలియకుండానే లోపల లెక్క మొదలైంది. ఒకటి, రెండు, మూడు. పది దగ్గర వేలు లేచింది. గడ్డం లేచింది. మళ్ళీ పది. మళ్ళీ వేలు.

మొదటి వారం నోటితో చెబుతాడు, రెండో వారం నుంచి వేలితో చెబుతాడు. ఎప్పుడూ అంతే. పది లెక్కపెట్టే లోపు ఒకసారి వెనకొచ్చే బండ్లని అద్దంలో చూసుకోవాలి. ఈ పాఠం అమ్మడికి తొమ్మిదేళ్ళప్పటి నుంచి తెలుసు. నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. లోకంలో ఎవరు పొరబడినా డ్రైవింగ్ మాస్టారి కూతురు పొరబడాల్సిన విషయం కాదు. అమ్మడు పక్కకి చూసింది. తూనీగ అద్దంలోంచి ఏ చోటు చూస్తోందో, ఆ చోట బెల్టు కట్టుకుని కోన్లు కూర్చున్నాయి. నిన్నటిదాకా తనని ఎలా చూసిందో, ఇవాళ వాటినీ అలాగే చూస్తోంది. ఏమాత్రం తక్కువ లేకుండా.

ఆ గంట ఎలా గడిచిందో అమ్మడికి తెలియదు. ఇంటికెళ్ళి నీలం చున్నీ మడతపెట్టి అమ్మ బీరువాలో పెట్టేసింది. పదహారో పాఠానికి తలనొప్పి అంది. పదిహేడుకి కడుపునొప్పి. సిగ్గుతో మొహం దిండులో పెట్టుకుంటే, తను పంపిన చూపులన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చి చచ్చిపోవాలనిపించింది. రెండేళ్ళ క్రితం పోయిన మనిషి పోతే పోయింది. ఈ మూడు వారాల్లో మళ్ళీ దొరికి, మళ్ళీ పోయిన మనిషిని ఏం చేసుకోవాలో ఆ పిల్లకి అర్థం కాలేదు.

పదిహేడో పాఠం సాయంత్రం నాన్న వచ్చి మంచం అంచున కూర్చున్నాడు. చేతిలో రెండు బత్తాయిలు.

"నర్సమ్మగారిచ్చారు. వెనక సీటు పిల్ల లేకపోతే ఆవిడకి గేరు పడటం లేదట."

అమ్మడు గోడవైపు తిరిగింది.

"నిన్న ఆవిడ అడ్డంగా పోయి ఒక బస్సుని ఆపేసింది. బస్సులో వాళ్ళందరికీ సారీ కూడా చెప్పింది, ఒక్కొక్కరికీ." నాన్న నవ్వాడు, నవ్వు సగంలోనే ఆపాడు. బత్తాయి చేతిలో తిప్పుతూ, "అమ్మడూ, నాకూ ఒక అద్దముంది కదమ్మా," అన్నాడు.

అమ్మడు తలెత్తింది. నిజమే. నేర్పేవాళ్ళ కోసం ముందు అద్దానికి పక్కనే ఇంకో చిన్న అద్దం బిగించి ఉంటుంది, వాళ్ళ వైపు తిప్పి.

"వెనకొచ్చే బండ్లని చూడ్డానికే అది. కానీ నువ్వు మధ్యలో కూర్చుంటావు. నువ్వే కనబడతావు." ఆయన గొంతు సవరించుకున్నాడు. "రెండో వారంలో నీ మొహం చూసి నాకు విషయం తెలిసింది. ఒకరోజు వేలు ఎత్తడం మానేద్దామనుకున్నా. మానేస్తే ఆ పిల్ల అద్దం చూడదు. చూడకపోతే పరీక్ష పోతుంది. చూస్తే నువ్వు... ఏం చెయ్యాలో తోచలేదమ్మా. చెబుదామంటే, నీ మొహం ఆ గంటసేపే అలా వెలుగుతోంది. అందుకని చెప్పలేకపోయా."

అప్పుడు ఏడ్చింది అమ్మడు, చిన్నపిల్లలా, ముక్కు కారేదాకా. నాన్న బత్తాయి ఒలిచి ఒక్కో తొనా చేతిలో పెట్టాడు. రెండూ అయిపోయాక లేచి, "చివరి పాఠంనాడు గిడ్డంగుల వెనక మైదానంలో కారాపి పది నిమిషాలు టీకి వెళతా. ఆ పది నిమిషాలు వెనక సీటుకి నోరిస్తున్నా. వాడుకుంటావో లేదో నీ ఇష్టం," అని వెళ్ళిపోయాడు.

ఇరవయ్యో పాఠంనాడు ఎండ వాలుతుండగా తూనీగ కారుని మైదానంలో రెండు గీతల మధ్య, గీత తాకకుండా, రివర్స్‌లో ఆపింది. నాన్న "భేష్" అని దిగిపోయాడు. ఇంజిన్ చల్లబడుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

"తూనీగా," అంది అమ్మడు.

తూనీగ గిరుక్కున వెనక్కి తిరిగింది. "బాబోయ్! ఆ పేరు విని ఎన్నాళ్ళయిందే! ఇప్పుడెవరూ అలా పిలవరు." నవ్వింది, మనస్ఫూర్తిగానే. "ముందుకి రా, మెడ పట్టేస్తోంది."

అమ్మడు దిగి వచ్చి నాన్న సీట్లో కూర్చుంది. చేతులు తొడల కింద పెట్టుకుంది. "ఆ రోజు నేను చెప్పకుండా ఉండాల్సింది. వాళ్ళు బలవంతం చెయ్యలేదు. నా చుట్టూ చేరి వింటుంటే బాగుందని చెప్పాను. గొప్ప కోసం చెప్పాను. నాకు రోజూ గుర్తొస్తుంది. నన్ను క్షమించు."

"ఏ రోజు?" అంది తూనీగ.

అమ్మడు చెప్పింది. కుళాయి, మీ నాన్న, బెంచీ.

"ఓ, అదా!" తూనీగ చేత్తో స్టీరింగ్ మీద కొట్టింది. "దానికా? మొదట కొన్నాళ్ళు చాలా కోపమొచ్చిందిలే. కానీ అమ్మకి తెలిశాక నాన్నకి ప్రాణం లేచొచ్చినట్టయింది తెలుసా? నెలలోపే వేరే ఉద్యోగం చూసుకున్నాడు. ఇప్పుడు మా ఇంట్లో అదో జోకు. ఎవరొచ్చినా నాన్నే మొదలుపెడతాడు, నేను మూడు నెలలు బెంచీ ఉద్యోగం చేశానండీ అని."

"మరి నువ్వు మాట్లాడలేదు."

"నువ్వూ మాట్లాడలేదుగా." తూనీగ కాస్త ఆలోచించింది. అబద్ధం చెప్పాలని లేదు ఆ పిల్లకి. "కోపం పోయాక... ఏమో. కొత్త సెక్షన్, కొత్త ఇల్లు, వాళ్ళూ వీళ్ళూ. గుర్తు రాలేదే. అంతే. నీమీద కోపంగా ఉన్నాననుకున్నావా ఇన్నాళ్ళూ? అయ్యో."

మెట్టు తగిలి పడబోయిన పరాయి మనిషిని చూసి అంటామే, ఆ అయ్యో అది. అందులో జాలి ఉంది, మంచితనం ఉంది. అమ్మడికి కావలసింది అందులో లేదు. తిడుతుందేమోనని భయపడింది, క్షమిస్తుందేమోనని ఆశపడింది. ఇలా చేతులు ఖాళీగా ఉంటాయని అనుకోలేదు.

"ఈ నెలరోజుల్లో అద్దంలో నన్నెప్పుడైనా చూశావా?"

"నిన్నా? వెనకొచ్చే లారీల్ని చూసి చస్తుంటే నిన్నెక్కడ చూస్తానే!"

అమ్మడికి నవ్వొచ్చింది. ఏడుపు కూడా వచ్చింది గాని నవ్వు ముందు బయటపడింది. ఇద్దరూ పడీపడీ నవ్వారు, తూనీగకి ఎందుకు నవ్వుతున్నారో సగమే తెలిసినా. నవ్వు ఆగాక తూనీగ అద్దంలోంచి ఖాళీ మైదానాన్ని చూస్తూ, "అక్కడ ఎవరూ తెలీదు. అక్క ఇంట్లో చిన్నపిల్లాడు, అక్కకి తీరిక ఉండదు. రాత్రిళ్ళు భయమేస్తోంది. ఇంట్లో చెప్పలేదు," అంది. మొహం ఇటు తిప్పలేదు. రోడ్డు మీద చూపు పెట్టి తమ గుట్టు విప్పిన వాళ్ళందరూ అలాగే చెప్పారు, అదే గొంతుతో. ఎక్కడా ఆపకుండా, మధ్యలో మాట కలపకుండా, అమ్మడు అంతా విన్నది. వినడం తనకి బాగా వచ్చు.

నాన్న దూరంగా వస్తూ కనబడ్డాడు, మామూలు కంటే నెమ్మదిగా.

"నీ నంబరు చెప్పు," అని తూనీగ ఫోన్ తీసింది. "పాత ఫోన్ నీళ్ళలో పడిపోయింది, అందులోవన్నీ పోయాయి. అక్కడికెళ్ళాక మాట్లాడతా. నిజంగా."

అమ్మడు తన నంబరు చెప్పింది. ఒకప్పుడు తూనీగ దాన్ని పాటకట్టి పాడేది. ఎప్పటికైనా పనికొస్తుందని, నాన్న కొత్త నంబరు తెస్తానన్నా అమ్మడు మార్చనివ్వలేదు. తూనీగ శ్రద్ధగా ఒక్కో అంకె కొట్టి, పేరు కొట్టింది. కొట్టి ఆగింది. "ఆగాగు, నీ పేరుదే ఇంకొకతి ఉంది నాకు. రోజూ మాట్లాడుకుంటాం. రెండూ కలిసిపోతాయి," అంటూ చెరిపేసి, ఇంకేదో కొట్టింది.

"నంబరు కరెక్టేనా చూడు," అని ఫోన్ ఇటు తిప్పింది.

పైన "డ్రైవింగ్ సార్ కూతురు" అని ఉంది. తూనీగ ఆమె మొహంలోకి చూస్తోంది, ఈ నెలలో మొదటిసారి, ఏ అద్దమూ లేకుండా. అమ్మడు ఆ చూపు ముందు తన మొహాన్ని మామూలుగా ఉంచుకుని, పదంకెలూ మెల్లిగా చదివింది.

"కరెక్టే," అంది.